నీడను నిదానంగా దాటాలి

ఈ ఉదయం ఆఫీసు వెనక గదిలో ఖాళీ బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. మొదట డొల్లగా, పెద్దగా. నీళ్ళు పైకొచ్చేకొద్దీ మెత్తబడుతూ. కీబోర్డు మీదున్న నా చేతులు ఆగిపోయాయి. ఒక్క క్షణం ఓబుళరెడ్డి సారు వచ్చేశారనుకున్నాను. ఇంకాసేపట్లో ఆ తలుపు తెరుచుకుని, తడి తలను తువ్వాలుతో తుడుచుకుంటూ, సబ్బు వాసనతో బయటికొచ్చి, "ఏం సుభద్రమ్మా, ఎండ అప్పుడే మొదలుపెట్టిందే" అంటారనిపించింది. లేచి వెళ్ళి చూస్తే ఆఫీసు ఊడ్చే ఆమె, నేల తుడవడానికి నీళ్ళు పట్టుకుంటోంది. "ఏం మేడం, ఏమన్నా కావల్లా?" అంది. ఏమీ వద్దని తిరిగొచ్చి కూర్చున్నాను. సారు పోయి రెండేళ్ళు దాటింది. మనిషి పోయిన సంగతి తలకు తెలుసు, చెవులకే ఇంకా తెలియదు.

మాది బిందుసేద్యం పైపులు అమ్మే కంపెనీ. కడప ఊరు దాటాక, బైపాస్ రోడ్డుకు కాస్త లోపలగా మా బ్రాంచి. ఓబుళరెడ్డి సారు దానికి మేనేజరు. పత్తికొండ దగ్గర భూములున్న పెద్ద ఇంటి మనిషి. వాన పడితే పండేవీ, పడకపోతే ఎండేవీ అయినా, భూములు భూములే. వాటితో వచ్చే పేరు ఎండిపోయేది కాదు. నేను ఆయన కింద లెక్కలు చూసే పనిలో చేరాను. మాది ఒంటిమిట్ట దగ్గర మగ్గాల ఊరు. మా నాన్న బతుకంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసినవాడు. మా వంశంలో మొట్టమొదటి కారు నాది. కొన్నరోజు నాన్న ముందు సీట్లో కూర్చుని కోదండరాముడి గుడిదాకా పోయి రావాల్సిందేనన్నాడు. చల్లగాలి బయటికి పోతుందని నన్ను అద్దం దించనివ్వలేదు గానీ, దారిలో తెలిసినవాళ్ళు కనిపించిన ప్రతిచోటా తనే దించాడు. కడపలో నేనుండే ఇంటికీ ఆఫీసుకూ మధ్య దూరం, ఆ కారు లోపల చల్లబడేలోపే అయిపోయేది. అయినా కారులోనే వచ్చేదాన్ని. కారుండి నడిచిపోతే కారెందుకు?

సారు మాత్రం సైకిలు మీద వచ్చేవారు. కడపలో ఆయన ఉండే ఇంట్లో తెల్లటి పెద్ద కారు ఉంది. అది వారానికోసారి వాళ్ళమ్మను గుడికి తీసుకుపోవడానికి తప్ప బయటికి వచ్చేది కాదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్ళం. చెమటతో తడిసి వచ్చి, వెనక గదిలో స్నానం చేసి, సంచిలో మడత నలగకుండా తెచ్చుకున్న చొక్కా తొడుక్కుని సీట్లో కూర్చునేవారు. చేరిన కొత్తలో ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను, ఎందుకు సార్ ఈ ఎండలో ఈ అవస్థ అని. ఆయన నవ్వారు. "కార్లో వొస్తే ఇంటికాడి కోపం నాతోనే ఎక్కుతాది సుభద్రమ్మా. ఈడికొచ్చినాక మీ మింద దిగుతాది. సైకిలెక్కితే దోవలో యాడనో జారి పడిపోతాది" అన్నారు. నిజమే, ఆయన కసురుకోగా నేనెప్పుడూ చూడలేదు. ఆరోగ్యం గురించీ, భూమి వేడెక్కడం గురించీ ఆయన నోట ఒక్క మాట వినలేదు. మమ్మల్ని రమ్మని కూడా అనలేదు.

ఒక ఏడు పర్యావరణ దినమని పెద్దాఫీసు నుంచి బ్యానరు వచ్చింది. సిబ్బంది అంతా సైకిళ్ళ మీద వచ్చి ఫోటో పంపించాలట. అద్దెకు తెచ్చిన సైకిళ్ళెక్కి, ఒకే రంగు టోపీలు పెట్టుకుని, ఆయాసపడుతూ నవ్వుతూ ఫోటో దిగాం. మర్నాడు అందరి కార్లూ మోటారు సైకిళ్ళూ ఎప్పటిచోటే ఉన్నాయి. గోడౌన్ చూసుకునే మస్తాన్ ఆ ఫోటో చూపిస్తూ, "మేడం, పెండ్లికొచ్చినట్ల వొచ్చి పోతిమే" అన్నాడు. సారు ఆ ఫోటోను ఒకసారి చూసి పక్కన పెట్టేశారు. సాయంత్రం మాత్రం నా బల్ల దగ్గరికొచ్చి, "ఫోటో సంగతి ఇడిసిపెట్టు. నిజం చెప్పుమ్మా, నీకేం అడ్డం?" అని అడిగారు. అంతకుముందు అలా నన్నెవరూ అడగలేదు. చెయ్యమనేవాళ్ళు ఉంటారు, చెయ్యలేదేమని అడిగేవాళ్ళు ఉంటారు. అడ్డమేమిటని అడిగేవాళ్ళే ఉండరు.

చెప్పాను. హైస్కూలుకు సైకిలు మీదే పోయేదాన్నని, తొక్కడం మరిచిపోలేదని చెప్పాను. చెమట వాసనతో రైతుల ముందు కూర్చోవడానికి సిగ్గని, ఆ వెనక గది తలుపుకు లోపల గడియ లేదని, మగవాళ్ళు తిరిగేచోట అక్కడ నేను చీర మార్చుకోలేనని, ఒక్కదాన్నే రోడ్డు మీద పోతుంటే వెనకనుంచి వచ్చే కూతలు వినలేనని చెప్పాను. ఆయన తలూపుతూ విన్నారు. తర్వాతి వారం వడ్రంగి వచ్చాడు. వెనక గదిని రెండుగా చేసి, నా వైపు తలుపుకు లోపల ఇంత లావు ఇనుప గడియ బిగించాడు. బట్టలు తగిలించుకోవడానికి కొయ్యలు, ఒక అద్దం, కొత్త బకెట్. ఎండాకాలం ఆఫీసు వేళలు పొద్దున్నే మొదలయ్యేలా మార్చారు. అంతా అయ్యాక సారు వచ్చి, "గడియ ఏసి చూసుకోమ్మా, గట్టిగుందో లేదో" అని చెప్పి, నేను వేసి చూసుకునేదాకా అటు తిరిగి నిలబడ్డారు. ఆ రోజు నాకు కళ్ళనీళ్ళు వచ్చాయంటే, ఒక గడియకా అని మీరు నవ్వుతారు. ఆడవాళ్ళు నవ్వరు.

అలా కలిశాం. నేను, మస్తాన్, ఇంకో ముగ్గురు. మా వీధి మలుపులో సారు ఒక కాలు నేలమీద ఆనించి ఎదురుచూసేవారు. బైపాస్ వదిలేసి కాలువ గట్టు దారిన పోయేవాళ్ళం. ఆ దారికి రెండు పక్కలా ముసలి కానుగ చెట్లు. కడప ఎండ గురించి కడపవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. పొద్దున ఎనిమిదికే తారు మెత్తబడే ఊళ్ళో, ఆ చెట్ల కిందికి రాగానే మెడ మీద ఎవరో తడిబట్ట వేసినట్టుండేది. నాకు అక్కడ ఇంకా వేగంగా తొక్కాలనిపించేది. సారు మాత్రం సరిగ్గా అక్కడే పెడలు తొక్కడం ఆపి, సైకిలును దాని మానాన దాన్ని పోనిచ్చేవారు. "ఎండలో ఉరుకులాడు, ఎవరొద్దన్నారు? నీడను మాత్రం నిదానంగా దాటల్ల. మనకోసమే ఇంతకాలం నిలబడి ఉండాయి కదమ్మా ఇవి" అనేవారు. నిదానిస్తే కానుగపూలు రాలి పడుతున్న సన్నటి చప్పుడు వినిపించేది. నా జీవితంలో నేను ఆఫీసుకు సంతోషంగా పోయిన రోజులు అవే.

ఒకరోజు అక్కడ కరెంటువాళ్ళు నిచ్చెనా గొడ్డలీ పెట్టుకుని ఒక చెట్టు చుట్టూ నిలబడి ఉన్నారు. తీగకు అడ్డమని చెట్టే కొట్టేయబోతున్నారు. సారు సైకిలు దిగారు. కొట్లాడలేదు, పేరు చెప్పుకోలేదు. "ఎందుకప్పా?" అన్నారు, అంతే. వాళ్ళు చెప్పారు. "కొమ్మ కొడితే సాలదా?" అన్నారు. వాళ్ళు పైకి చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు. వెనక మేమంతా సైకిళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాం. "సాలుతాది లే సార్" అని కొమ్మ కొట్టుకుని పోయారు. దారంతా మస్తాన్ ఆ "ఎందుకప్పా"ను సారు గొంతుతో అనుకరిస్తూ మమ్మల్ని నవ్వించాడు.

మాకు అడ్డమొచ్చింది ఎండా కాదు, ఎత్తూ కాదు. సారు ఊరివాడొకడు పైపులు కొనడానికి కడపకొచ్చి, ఓబుళరెడ్డి సైకిలు తొక్కుకుంటూ పోవడం చూశాడు. వాడు చూసింది పత్తికొండ టమోటా మార్కెట్టుకు చేరింది. మార్కెట్టుకు చేరిందంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ చేరినట్టే. పెద్దింటి కొడుకు సైకిలెక్కాడంటే వాళ్ళకు తెలిసిన కారణం ఒక్కటే, ఇల్లు చితికిపోయిందని. మా నాన్న నేసిన నూలు చీర ఒకటి సారువాళ్ళమ్మకు ఇద్దామని ఒక ఆదివారం నేను వాళ్ళింటికి పోయాను. అప్పటికే వాకిట్లో ఒక టెంపో నిలబడి ఉంది. సారు చిన్నాన్న కొడుకు దాంట్లోంచి కొర్రల మూట, వేరుశనగ బుడ్డల మూట, రెండు పెట్టెల టమోటాలు దించుతున్నాడు.

"మొగమాట పడొద్దన్నా. కష్టాలు ఎవురికి రావు? కారు పోయినా మనుసులం మేముండాం" అన్నాడు అతను, మూట దించి సారు చెయ్యి పట్టుకుని.

"యాడికి పోయిందప్పా కారు? అదో, షెడ్డులోనే ఉంది కదా" అని చూపించారు సారు.

అతను కారు వైపు చూసి, ఇంకా జాలిగా తిరిగి, "ఇంగా కొనేవాళ్ళు రాలేదా అన్నా?" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. సారుకూ ఆగలేదు. కానీ లోపల అవ్వ, అంటే సారువాళ్ళమ్మ లక్ష్మమ్మ, గోడకానుకుని కూర్చుని ఉంది. నేను చీర చేతిలో పెడితే మడత కూడా విప్పలేదు. "సూడు పాపా, నా కొడుకు చెడిపోయినాడని కొర్రలు తెచ్చినారు. మా పత్తికొండ చుట్టుపక్కల జీపంటూ మొదట వచ్చింది మా ఇంటికే. కరువొచ్చినప్పుడు మా ఇంట్లోంచి మూటలు బయటికి పోయేటివి. ఇప్పుడు మూటలు లోపలికొస్తాండాయి" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నవ్వినందుకు నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఆ సాయంత్రం నుంచి ఆమె అన్నం ముద్ద సరిగా మింగలేదట.

సారు తన వంతు ప్రయత్నం తాను చేశారు. ఆ తర్వాతి ఆదివారం అమ్మను ఆ తెల్ల కారులో కూర్చోబెట్టుకుని పత్తికొండ పోయి, మార్కెట్టు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు కారును మెల్లగా నడుపుకొచ్చారు, దేవుణ్ణి ఊరేగించినట్టు. సోమవారం మాకు చెబుతూ నవ్వారు గానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "ఏమనిరంటే, అమ్మ మనసు కష్టపెట్టకూడదని పాపం కారు బాడుగకు తెచ్చినాడు అనిరి" అన్నారు. మస్తాన్ పడిపడి నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ పొద్దున సారు మా వీధి మలుపులో లేరు. కారులో వచ్చారు. చొక్కా ఎక్కడా తడవలేదు.

మధ్యాహ్నం నన్ను పిలిచి చెప్పారు. "అమ్మకు అన్నం సయించడం లేదమ్మా. పెరుగు గూడా వద్దంటాంది. నాకు సైకిలంటే ఇష్టమే గానీ, ఆమె తలొంచుకుని కూచోవడం సూడలేను. ఆమె ఉన్నన్నాళ్ళు కార్లోనే వొస్తా. మీరు మాత్రం మానుకోవద్దండి. సైకిలు యాడికీ పోదు, దోవ యాడికీ పోదు." నేను సరేనన్నాను. ఆయనది వదులుకోలేనంత పాత పరువు; నాది వదులుకోలేనంత కొత్త పరువు. అయినా నేను వదిలాను, ఆయన వదల్లేకపోయారని ఆ రోజు కొంచెం కోపం కూడా వచ్చింది. ఆ కోపం ఎక్కువకాలం నిలుపుకునే అర్హత నాకు లేదని త్వరలోనే తేలింది.

మమ్మల్ని మానుకోమని ఎవరూ చెప్పలేదు. మలుపులో ఎదురుచూసే మనిషి లేకపోయేసరికి ఒకరు ముందు, ఒకరు వెనక బయల్దేరడం మొదలైంది. "సారే కార్లో పోతాంటే మనం చెమటలు కార్చుకుంటా పోవాల్నా మేడం?" అని మస్తాన్ మోటారు సైకిలు తీశాడు. మిగతా ముగ్గురూ అంతే. ఒంటరిగా కొన్నాళ్ళు తొక్కాను. ఒక వానరోజు కారు తీశాను, తర్వాత జ్వరమొచ్చి తీశాను, ఆ తర్వాత కారణం వెతుక్కోవడం కూడా మానేశాను. కారుకు కాలువ గట్టు ఇరుకు, బైపాసే దగ్గర. స్నానాల గదిలోకి మెల్లగా పైపుల కట్టలు చేరాయి. నా సైకిలు మీద మా ఇంట్లో ఉల్లిపాయల గోతాలు చేరాయి.

అవ్వ చాలా ఏళ్ళు బతికింది. బతికినందుకు నాకు సంతోషమే. అన్నం తిని, గుడికి కారులో పోయి, తల ఎత్తుకుని బతికింది. మా నాన్న నేసిన చీర కట్టుకుని ఒకసారి ఆఫీసుకు కూడా వచ్చి, కారు దిగి, అందరినీ పేరుపేరునా పలకరించి పోయింది. ఆమెను చూస్తూ గుమ్మంలో నిలబడ్డ సారు ముఖం నాకింకా గుర్తే. అటువంటి ముఖాన్ని చూశాక ఆయన చేసింది తప్పని ఎలా అంటాం? అవ్వ పోయేనాటికి సారు ఉద్యోగం నుంచి దిగిపోయారు. కర్మకాండలు అయ్యాక ఒక శనివారం ఫోను చేశారు. "సుభద్రమ్మా, రేపు ఆదివారం. సైకిలుందా?" అన్నారు. గొంతులో సెలవులిచ్చిన బడి పిల్లవాడి ఆత్రం. గోతాలు దించి, టైర్లు మార్పించి, నేనూ అదే ఆత్రంతో తయారయ్యాను.

మా వీధి మలుపులో, ఎప్పటిలాగే ఒక కాలు నేలకానించి నిలబడి ఉన్నారు. మోకాళ్ళు నొప్పులంటూనే నా కంటే ముందు పోయారు. కాలువ మలుపు తిరగగానే ఇద్దరం కళ్ళు చికిలించాం. ముందు ఎండే అడ్డం వచ్చింది, సంగతి తర్వాత అర్థమైంది. చెట్లు లేవు. ఒక్కటీ లేదు. రోడ్డు రెండింతలైంది. మధ్య డివైడరు మీద కత్తిరించిన గన్నేరు మొక్కలు వరసగా ఉన్నాయి, కారులో పోయేవాళ్ళు చూసుకోవడానికి. మొదళ్ళ గుర్తులు కూడా మిగల్లేదు. అంటే ఇది నిన్నా మొన్నా జరిగింది కాదు.

సారు సైకిలు దిగారు. "ఎప్పుడు కొట్టేసినారో నీకు తెలుసునా?" అన్నారు.

"తెలియదు సార్."

"నాకూ తెలీదు. నేను ఈ ఊర్లోనే ఉండా. నువ్వూ ఈ ఊర్లోనే ఉండావు."

హ్యాండిల్ పట్టుకుని రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశారు. నుదుటి మీద చెమట తుడుచుకోలేదు. "రోడ్డు కావల్లంటే ఏస్తారు. అడ్డం పడి ఆపేటంత మొనగాడిని కాదులే నేను" అన్నారు చివరికి. "కానీ ఎందుకప్పా అని ఒక మాట అడిగుంటే, ఒక పక్క చెట్లన్నా మిగిలేవేమో. ఆ ఒక్క మాట అడిగేదానికి ఈ దోవన మనం ఎవురమూ లేకపోతిమి."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. మాకు పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు. ఇంటికి పోదాం సార్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ సైకిలెక్కారు. కొంచెం దూరం మామూలుగా తొక్కి, ఎప్పుడూ మొదటి కానుగ ఉండే చోటు రాగానే పెడలు ఆపేశారు. ఆ మండే ఎండలో, దాక్కోవడానికి అరచేతంత నీడ లేని చోట, సైకిలును దాని మానాన దాన్ని నిదానంగా పోనిచ్చారు. వెనక నేనూ ఆపాను. ఆ చివరిదాకా ఇద్దరం అలాగే పోయాం. ఆ తర్వాత సారు ఊరికి పోయి పొలం దగ్గరే ఉండిపోయారు. అక్కడే నిద్రలో పోయారు. ఆ ఆదివారమే మేము కలిసి తొక్కిన ఆఖరి రోజు.

ఎవరిని తప్పుపట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. తలెత్తుకుని బతకాలనుకున్న అవ్వనా? అమ్మ తల వంచుకోవడం చూడలేని కొడుకునా? ప్రేమతోనే కదా ఆ కొర్రల మూటా వచ్చింది. ఇందరు మంచివాళ్ళ మధ్యనుంచి ఒక దారి నీడంతా జారిపోయింది. ఇప్పుడు సారు కుర్చీలో నేనున్నాను. ఈ ఉదయం ఊడ్చే ఆమె వెళ్ళాక వెనక గదిలోకి పోయి, పైపుల కట్టల సందులోంచి చెయ్యి పెట్టి వెతికితే గడియ తగిలింది. తుప్పు పట్టింది గానీ ఊడలేదు. ఒక చుక్క నూనె వేసి, కట్టలన్నీ గోడౌన్‌కు మోయించమని మస్తాన్‌కు చెప్పాను. కొత్తగా చేరినవాళ్ళలో ఒకమ్మాయి రోజూ ఆటోకోసం నిలబడుతుంది. ఆమెను పిలిచి, "నీకేం అడ్డం?" అని అడగాలి. ఆమె ఎండ అంటే చూపించడానికి నా దగ్గర నీడ దారి లేదు. సారు దగ్గర ఉండేది, నా దగ్గర లేదు.

ఆదివారాలు మాత్రం ఆ దారిన ఒక్కదాన్నే పోతాను. మొన్న కూడా పోయాను. మొదటి కానుగ చోటు రాగానే నా కాళ్ళు వాటంతటవే ఆగాయి. వెనకనుంచి వచ్చిన మోటారు సైకిలు కుర్రవాడు వేగం తగ్గించి, "ఏమక్కా, చైను పడిపోయిందా?" అని అడిగాడు. లేదు నాయనా, నువ్వు పో అన్నాను. అతను ఒకసారి చుట్టూ చూశాడు, ఇంత ఎండలో ఈమె ఇక్కడ ఎందుకు నిదానించిందా అని. తర్వాత వెళ్ళిపోయాడు. నేను పెడలు తొక్కకుండానే, ఆఖరి చెట్టు ఉండే చోటుదాకా పోయాను.